సమక్షంలో చెరిపిన డిస్కు

మా సంస్థలో ఏ వస్తువునైనా కొనడం సులువు, వదిలించుకోవడమే కష్టం. కాలు విరిగిన కుర్చీని పారెయ్యాలన్నా ముగ్గురు సభ్యుల సంఘం రావాలి. ఒకరి తరవాత ఒకరు దానిమీద కూర్చుని, పడి, లేచి, ఇది ఇక కుర్చీ కాదని సంతకాలు పెట్టాలి. అలాంటి చోటికి, రాసింది చెరిపేసి మళ్ళీ రాసుకునే డిస్కులు వచ్చిపడ్డాయి.

సంస్థ పేరు అర్జీల సంరక్షణ, పరిష్కార సంస్థ. సంరక్షణ ముందు, పరిష్కారం తరవాత. పేరు పెట్టినవాళ్ళు ఆలోచించే పెట్టారు. జిల్లాలో ఎవరికి ఏ కష్టం వచ్చినా కాగితం మీద రాసి మా కౌంటర్లో ఇస్తారు. మేం దానికి నంబరు చీటీ అంటించి, ఇండెక్సులో ఎక్కించి, కట్ట కట్టి, రికార్డు గదిలో పెడతాం. అక్కడితో సంరక్షణ పూర్తవుతుంది.

ఆ కట్టల్లో మా ఆవిడ హైమవతి అర్జీ కూడా ఒకటుంది. మా ఇంటి గేటుకీ రోడ్డుకీ మధ్య మురుగు కాలవ. దానిమీద శ్లాబు లేదు, ఓ చెక్క ఉంది. కిందటి వానల్లో ఆ చెక్క మీద జారి హైమ కాలవలో పడింది. కుడి మణికట్టు విరిగింది. ఆవిడ బళ్ళో లెక్కల టీచరు. కట్టు విప్పేదాకా ఎడమచేత్తోనే బోర్డు మీద లెక్కలు చేసింది. కట్టు విప్పిన రోజునే అర్జీ రాసింది. నా చేతికిస్తే ఎక్కడ మర్చిపోతానో అని తనే వచ్చి, మా కౌంటర్ ముందు వరసలో నిలబడి మరీ ఇచ్చింది. నంబరు చీటీ అంటించింది నేనే. మొగుడు పనిచేసే ఆఫీసులో పెళ్ళాం అర్జీ అలా పడి ఉంటే, రోజూ సాయంత్రం ఆ చెక్క దాటి ఇంట్లోకి అడుగుపెట్టే మొగుడికి ఎలా ఉంటుంది? సిగ్గుగా ఉంటుంది. నాకూ అలాగే ఉండేది.

ఇక డిస్కుల సంగతి. వారం వారం నివేదికలు డిస్కుల మీద ఎక్కించి రాజధానికి పంపాలని ఆదేశం వచ్చింది. చూసుకున్నాక వాళ్ళు తిప్పి పంపేవారు. మా ఆఫీసు కంప్యూటర్లకి డిస్కు చదవడమే వచ్చు, రాయడం రాదు. అంచేత నేను వాటిని ఇంటికి పట్టుకుపోయి, మా ఇంటి కంప్యూటర్లో పాతది చెరిపి కొత్తది రాసి తెచ్చేవాణ్ణి. ఇది అందరికీ తెలిసిన విషయమే, కాగితం మీద మాత్రం ఎవరూ పెట్టలేదు. ఓ రోజు సూపరింటెండెంటు భుజంగంగారికి అనుమానం వచ్చింది.

"కామేశం, నువ్వు చెరిపేది దేన్నయ్యా?"

"కిందటి వారం నివేదికనండి."

"అంటే ప్రభుత్వ రికార్డుని."

ఆ మాట అన్నాక ఆయన ముఖంలో కనిపించిన ఆనందం నేను అంతకుముందు ఆయన కూతురి పెళ్ళిలో కూడా చూడలేదు. మర్నాడే సర్క్యులర్ వచ్చింది.

"తిరిగి రాయదగిన డిస్కులను చెరుపుట రికార్డుల ధ్వంసము క్రిందకు వచ్చును గనుక, ఇకమీదట ఏ డిస్కునైనను చెరుపు సంఘము వారి సమక్షమున మాత్రమే చెరపవలెను. చెరుపుటకు పూర్వము అందేమున్నదియు, చెరిపిన పిదప అందేమియు లేదనియు సంఘము వారు స్వయముగా చూచి ధ్రువీకరించవలెను. శ్రీ కామేశం గారి స్వగృహమందలి కంప్యూటరును తాత్కాలిక చెరుపు కేంద్రముగా ఇందుమూలముగా ప్రకటించడమైనది."

సంఘానికి అధ్యక్షులు మా సంచాలకులు నీలాద్రిరావుగారు. భుజంగంగారు కార్యదర్శి. మూడో సభ్యుడు ఆడిట్ నుంచి రావాలి. ఆయన ఎప్పుడూ రాలేదు, సంతకం మాత్రం టంచనుగా వచ్చేది.

ఆదివారం పొద్దున్నే జీపు మా వీధిలో ఆగింది. సంచాలకులవారు భుజంగంగారి భుజం పట్టుకుని, పంచె ఎగ్గట్టి, ఒక్కొక్క అడుగే వేస్తూ చెక్క దాటారు.

"ఏమయ్యా కామేశం, ఈ కాలవమీద ఓ శ్లాబు వేయించుకోరాదూ? మనుషులు నడిచే చోటేనా ఇది?"

"అర్జీ ఇచ్చామండి," అంది హైమ గుమ్మంలోంచి.

"ఎక్కడిచ్చారమ్మా?"

"మీకేనండి."

"మాకే ఇచ్చారా! అయితే ఇక దిగులు లేదు. భద్రంగా ఉంటుంది."

పెసరట్లు వచ్చాయి. అవి తింటూ సంఘం వారు డిస్కుని రెండువైపులా తిప్పి చూశారు. వెలుతురుకి పట్టి చూశారు. భుజంగంగారు దాని వెనకవైపు తన మొహం చూసుకుని తల దువ్వుకున్నారు. నేను డిస్కు లోపలపెట్టి, తెర మీది చెరుపు బొమ్మ మీద నొక్కాను. రెండో పెసరట్టు ప్లేట్లో పడేలోగా అయిపోయింది. డిస్కు ఖాళీగా ఉన్నదని తెర మీద వచ్చింది.

"అప్పుడేనా?" అన్నారు సంచాలకులు. ప్రభుత్వ పని ఇంత త్వరగా కావడం ఆయనకి నచ్చలేదు. "ఇందులో ఏదో మోసం ఉంది."

"మోసం లేదండి. దీన్ని క్విక్ ఎరేజ్ అంటారు. డిస్కు మొదట్లో ఏది ఎక్కడుందో చెప్పే ఇండెక్సు ఉంటుంది. ఇది ఆ ఇండెక్సు ఒక్కటే తీసేస్తుంది. అసలు సరుకు అలాగే ఉంటుంది."

"ఉంటుందా! మరి కంప్యూటరు ఖాళీ అంటోందే?"

"ఇండెక్సు లేదు కాబట్టి దానికి కనబడదండి. కనబడదు కాబట్టి లేదనుకుంటుంది. మొత్తం తుడిచెయ్యాలంటే ఫుల్ ఎరేజ్ అని వేరే ఉంది. దానికి చాలాసేపు పడుతుంది."

సంచాలకులవారి చేతిలో పెసరట్టు ముక్క అల్లప్పచ్చడి దగ్గరే ఆగిపోయింది. ఆయన కళ్ళు తెర మీదే ఉన్నాయి. పెదవులు మాత్రం మెల్లిగా కదులుతున్నాయి.

"సరుకు అలాగే ఉంటుంది... ఖాళీ అని చూపిస్తుంది... భుజంగం, మన రికార్డు గదిలో పెండింగ్ అర్జీలెన్నయ్యా?"

"లెక్క అందదండి."

"వాటికి ఇండెక్సు ఉందా?"

"ఉందండి, బీరువాల నిండా."

నీలాద్రిరావుగారు చెయ్యి కడుక్కోకుండానే లేచి నిలబడ్డారు. "ఇంతకాలం మనం తాడుని తప్పు కొస పట్టుకుని లాగుతున్నామయ్యా!" అన్నారు.

వారం తిరక్కుండా త్వరిత చెరుపు విధానం అమల్లోకి వచ్చింది. ఒక్క అర్జీని కూడా ధ్వంసం చెయ్యకూడదని సంచాలకులవారు గట్టిగా చెప్పారు. అర్జీ ప్రజల సొత్తు, దాన్ని ముట్టుకోవడం మహాపాపం అన్నారు. ఇండెక్సు పుస్తకాలు మాత్రం పెరట్లో పోసి తగలబెట్టించారు. అర్జీల మీది నంబరు చీటీలు తడిగుడ్డతో నానబెట్టి ఊడదీయించారు. ఆ పూట ఆఫీసంతా జిగురు వాసన. సాయంత్రానికి పెండింగ్ సున్నా అయింది.

మర్నాటినుంచి కౌంటర్లో పని హాయిగా నడిచింది.

"బాబూ, మా బోరు సంగతి ఏమైంది? ఇదిగో నంబరు."

"ఈ నంబరు ఇండెక్సులో లేదమ్మా."

"ఇండెక్సు ఏది, చూపించు?"

"ఇండెక్సు లేదు."

"మరి నేనిచ్చిన కాగితమో?"

"అది భద్రంగా ఉంది."

రాజధాని నుంచి మాకు శూన్య పెండింగ్ కవచం, అంటే షీల్డు, ప్రకటించారు. సంచాలకులవారికి శాలువా కప్పారు. ఇతర జిల్లాల వాళ్ళు బస్సులేసుకుని వచ్చి మా రికార్డు గది చూసి, చెప్పులు విప్పి లోపలికి వెళ్ళారు. ఎక్కడో ఓ గ్రంథాలయం వాళ్ళు వచ్చి చూసి, ఊరెళ్ళి తమ కేటలాగు తగలబెట్టుకుని, పుస్తకం దొరకలేదన్న ఫిర్యాదు ఇప్పుడొక్కటీ రావడం లేదని కృతజ్ఞతలు తెలుపుతూ ఉత్తరం రాశారు.

ఇంట్లో మాత్రం అంత హాయిగా లేదు.

"నా అర్జీ ఏమైంది?" అంది హైమ.

"పరిష్కారమైంది."

ఆవిడ కిటికీలోంచి చెక్కని చూసింది, తరవాత నన్ను చూసింది. "కాలవ అలాగే ఉందేం?"

"కాలవ మా పరిధిలోకి రాదు హైమా. అర్జీ వరకే మా పరిధి."

ఈ వాక్యం మా ఆఫీసులో రోజూ అంటుంటాం. అక్కడ చాలా సహజంగా వినిపిస్తుంది. వంటింట్లో, విరిగి అతుక్కున్న చేత్తో పిండి కలుపుతున్న మనిషి ముందు అనేసరికి నామీద నాకే ఒళ్ళు మండింది. ఆ పూట నాకు చారులో ఉప్పు తక్కువైంది.

ఇక్కడో చిన్న చిక్కుంది. ఇండెక్సు పుస్తకాలు తగలబెట్టేముందు, ఎందుకైనా మంచిదని భుజంగంగారు వాటిని టైపు చేయించి నాచేత ఒక డిస్కు మీదికి ఎక్కించారు. ఎందుకైనా మంచిది అన్నది మా సంస్థలో అన్ని నియమాలకీ మూలం. కవచం ఇవ్వడానికి తనిఖీ బృందం వస్తోందని తెలిశాక ఆ డిస్కు ఆయనకి గొంతులో ముల్లైంది. ఇండెక్సు ఉంటే అర్జీలున్నట్టు, అర్జీలుంటే పెండింగ్ ఉన్నట్టు. కనక దాన్ని ఫుల్ ఎరేజ్ చెయ్యాలని సంఘం మళ్ళీ మా ఇంటికి తరలివచ్చింది.

ఫుల్ ఎరేజ్ మొదలుపెట్టాను. తెర మీద నీలం గీత చీమలా పాకుతోంది. సంఘం వారు చేతులు కట్టుకుని దాన్నే చూస్తున్నారు. పెసరట్లు అయిపోయాయి. కాఫీ అయిపోయింది. మంచినీళ్ళు కూడా అయిపోయాయి. గీత సగం కూడా దాటలేదు.

"ఇంకా ఎంతసేపయ్యా?" అన్నారు సంచాలకులు ఆవలిస్తూ.

"అంగుళం అంగుళం తుడుస్తుందండి."

"సరే, సంతకాలు పెట్టేద్దాం. భుజంగం, రాసుకో. సదరు డిస్కు మా సమక్షమున ఆమూలాగ్రముగా చెరిపివేయబడుటను ప్రత్యక్షముగా చూచి, సంతృప్తి చెంది..."

సంతృప్తి చెంది వెళ్ళిపోయారు. గుమ్మం దాటుతూ సంచాలకులవారు నాకేసి కన్ను గీటారు. పెసరట్టు బాగుందన్న అర్థంలో తీసుకున్నాను.

నీలం గీత తన దారిన పాకుతూనే ఉంది. హైమ పరీక్ష పేపర్లు పట్టుకొచ్చి కంప్యూటర్ పక్కనే కూర్చుని దిద్దుకుంది. కట్ట సగం దిద్దేసరికి డిస్కు బయటికొచ్చింది. ఆవిడ దాన్ని తీసి, కొంగుతో తుడిచి, బీరువాలో తన గాజుల పెట్టెలో పెట్టుకుంది. ఎందుకని అడిగితే, ఎందుకైనా మంచిది అంది.

వానాకాలం ముంచుకొస్తుండగా అసలు ముప్పు వచ్చింది. మంత్రిగారి మావగారు ఎప్పుడో తన మామిడితోటకి దారి కావాలని అర్జీ పెట్టుకున్నారట. అది ఎక్కడుందో చెప్పమని మంత్రిగారు ఫోను చేశారు. పరిష్కారమైందని సంచాలకులవారు సెలవిచ్చారు. అయితే ఆ ఫైలు పట్టుకుని సోమవారం రమ్మని మంత్రిగారు ఫోను పెట్టేశారు.

ఆఫీసంతా రికార్డు గదిలో పడింది. ఏ కట్ట విప్పినా నంబరు లేదు, ఊరు వరస లేదు, ఏడాది వరస లేదు. మళ్ళీ ఒక అర్జీ రాసిమ్మని మావగారినే అడగొచ్చు కదా అన్నాను. అంటే పాతది పోయిందని ఒప్పుకున్నట్టవుతుందని అందరూ నన్ను మందలించారు.

శనివారం పొద్దున సంచాలకులవారు, భుజంగంగారు జీపు లేకుండా నడిచి మా ఇంటికొచ్చారు. వానకి చెక్క నానిపోయి ఉంది. ఇద్దరూ చేతులు పట్టుకుని, దేవుణ్ణి తలుచుకుంటూ దాటారు.

"కామేశం, ఆ ఇండెక్సు డిస్కు ఇలా ఇవ్వు. ఏ అర్జీ ఏ కట్టలో ఎన్నోదో అందులోనే ఉంటుంది."

"అది మొన్న చెరి..."

హైమ నా కాలు తొక్కింది. తరవాత కూడా కాలు తియ్యలేదు.

"చెరిపేశామంటావు, అంతేగా?" నీలాద్రిరావుగారు నవ్వారు. ఆ నవ్వులో బోలెడంత అనుభవం ఉంది. "చెరిపేసినట్టు నేనే సంతకం పెట్టానయ్యా. అందుకే ఉంటుందన్న ధైర్యంతో వచ్చాను. పూడిక తీసినట్టు నేను సంతకం పెట్టిన చెరువుల్లో ఒక్కదాంట్లోనైనా పార దిగిందా? రోడ్డు పడిందని నేను ధ్రువీకరించిన చోట ఇప్పటికీ వరి కోస్తున్నారు. నా సర్వీసంతా చూసుకో. సంతకం పెట్టిన పని జరిగిపోయిన సందర్భం ఒక్కటి చూపించు."

"నిజమేనండి," అన్నారు భుజంగంగారు గర్వంగా.

"డిస్కు నా దగ్గరే ఉందండి," అంది హైమ. "బీరువాలో, గాజుల పెట్టెలో, గీత పడకుండా దాచాను."

"మా తల్లే! ఏదమ్మా, ఇవ్వు."

"ఇస్తాను. ముందు కాలవమీద శ్లాబు పడాలి."

"నియమావళి ప్రకారం అర్జీ నంబరు లేనిదే..." అని భుజంగంగారు మొదలుపెట్టారు.

"నియమావళిని కాసేపు నోరు ముయ్యమనవయ్యా!" అన్నారు సంచాలకులు.

సంచాలకులవారి బంగళా ముందు వెయ్యడానికని పోతపోసి, తడిపి, ఆరబెట్టి ఉంచిన శ్లాబు ఒకటుంది. మధ్యాహ్నానికల్లా అది ట్రాక్టర్ మీద మా వీధికొచ్చింది. భుజంగంగారు పంచె మోకాళ్ళపైకి కట్టి పక్కనుండి చేయించారు. పొద్దు వాలేసరికి కాలవమీద కూర్చుంది, ఏనుగెక్కినా కదలనట్టుగా. హైమ దానిమీద అటూ ఇటూ నడిచింది. మధ్యలో ఆగి, చిన్నపిల్లలా ఒక్క గెంతు గెంతింది. ఆవిడ మొహం అలా వెలగడం చూసి ఎన్నాళ్ళైందో. నాకు కళ్ళు తడయ్యాయి, ట్రాక్టర్ పొగ వల్ల అని చెప్పాను.

తరవాత గాజుల పెట్టె తెరిచి డిస్కు ఇచ్చింది. నేను కంప్యూటర్లో పెట్టాను. డిస్కు ఖాళీగా ఉన్నదని వచ్చింది.

"క్విక్ ఎరేజ్ అయ్యుంటుంది. సరుకు లోపలుంటుంది, పైకి తియ్యి," అన్నారు సంచాలకులు.

"లేదండి. ఫుల్ ఎరేజే. ఆమూలాగ్రంగా పోయింది."

ఆయన కుర్చీలో కూలబడ్డారు. "నిజంగానే చెరిపేశారా?" అన్నారు. గొంతులో కోపం కన్నా దిగ్భ్రాంతి ఎక్కువుంది. కొండమీద నుంచి దేవుడు దిగివచ్చి ఓటరు కార్డు అడిగినా ఆయన అంత బిత్తరపోయేవారు కాదు. "నేను కన్ను కూడా గీటానే!"

"మీరు సంతకం పెట్టారు కదండీ," అంది హైమ. "ఉందన్నాను, ఇచ్చాను. అందులో ఏముందో మీరు అడగలేదు."

సోమవారం నాకు మెమో వచ్చింది. "ఉన్నతాధికారులు ధ్రువీకరించిన పనిని వాస్తవముగా చేసినందులకు మీపై క్రమశిక్షణ చర్య ఏల తీసుకొనరాదో తెలుపవలెను." చర్య తీసుకున్నట్టు సంతకం పెట్టుకోండి, అభ్యంతరం లేదు అని రాశాను. అలాగే పెట్టుకున్నారు.

మంత్రిగారి దగ్గర సంచాలకులవారు గడువు అడిగి తెచ్చుకున్నారు. ఇక గత్యంతరం లేక మా సంస్థ తన చరిత్రలో మొట్టమొదటిసారి అర్జీలు చదవడం మొదలుపెట్టింది. మామిడితోట కోసం ఒక్కో కాగితమూ మొదటినుంచి చివరిదాకా చదవాల్సి వచ్చింది. కొందరికి కళ్ళజోళ్ళు మార్చుకోవలసి వచ్చింది. ఒక గుమాస్తా చదువుతూ చదువుతూ ఏడ్చాడు. ఇంతమందికి ఇన్ని కష్టాలున్నాయా, మనకెవరూ చెప్పలేదే అన్నాడు. మామిడితోట దొరకలేదు గానీ, వెతుకుతుంటే హైమవతి అర్జీ దొరికింది.

ఆదివారం పొద్దున గేటు చప్పుడైంది. చూద్దును కదా, శ్లాబు మీద భుజంగంగారు, వెనక గునపాలతో ఇద్దరు కూలీలు.

"ఏం చెయ్యమంటారమ్మా," అన్నారాయన నొచ్చుకుంటూ. "ఈ అర్జీ ప్రకారం ఇక్కడ శ్లాబు లేదు. చూస్తే ఉంది. ఫైలు నడవకుండా వేసింది కాబట్టి అక్రమ కట్టడం కింద లెక్క. దీన్ని పగలగొట్టి, అర్జీకి మళ్ళీ నంబరు వేసి, అంచనాలు వేయించి, మంజూరు తెప్పించి, సక్రమంగా వేస్తాం. సంచాలకులవారి ఆదేశం."

"మంజూరుకి ఎన్నాళ్ళు పడుతుందండి?" అన్నాను.

ఆయన ఆకాశంకేసి చూశారు. పైన మబ్బు పట్టి ఉంది. కూలీ ఒకడు చేతుల్లోకి ఉమ్మేసుకుని గునపం ఎత్తాడు. నేను అడ్డం వెళ్ళబోయాను.

హైమ నా చెయ్యి పట్టి ఆపింది. "ఆగండి. భుజంగంగారూ, ఆదివారం పూట గునపాలెందుకు? పగలగొట్టినట్టు సంతకం పెట్టెయ్యండి."

భుజంగంగారు ఒక్క క్షణం ఆలోచించారు. తరవాత ఆయన మొహం విప్పారింది, తప్పిపోయిన మనిషికి ఇంటి దారి కనబడినట్టు. కూలీలని గునపాలు దించమన్నారు. లోపలికొచ్చి కూర్చుని, నా దగ్గర పెన్ను పుచ్చుకుని రాశారు. "సదరు శ్లాబు మా సమక్షమున సమూలముగా తొలగించబడుటను ప్రత్యక్షముగా చూచి, సంతృప్తి చెంది..."

హైమ పెసరట్టు పెట్టింది. ఆయన తిని, కాఫీ తాగి, కాగితం జేబులో పెట్టుకుని లేచారు. వెళుతూ వెళుతూ శ్లాబు మధ్యలో ఆగి, చెప్పుకంటిన ఇసుక దానికేసి గట్టిగా తట్టి దులుపుకున్నారు.